వ్రేలిముద్రకు ముందు

క్రొత్త మందును మనుష్యులపై పరీక్షించుచున్నారన్న మాట చెవిని పడగానే మనలో కొందరికి భయము, కొందరికి ఆశ పుట్టుచుండును. భయపడువారు "పేదవాని ప్రాణముతోనా ప్రయోగములు?" అని మండిపడుదురు. ఆశపడువారు "గొప్ప మందట, ఉచితముగా ఇత్తురట" అని పరుగులెత్తుదురు. ఇరుపక్షములవారును అడుగవలసిన ప్రశ్న వేరొకటి యున్నది. ఆ పరీక్ష ఎట్టిదో, అందులో తన పాత్ర ఏమో రోగికి తెలియునట్లు చెప్పినవారెవరు? వంశపారంపర్యముగా సంక్రమించు కాన్సరులకును, తక్కిన చికిత్సలకు లొంగని కాన్సరులకును గురి చూచి కొట్టు మందులు పరీక్షకు వచ్చుచున్న ఈ కాలమున ఆ ప్రశ్నను విడువక అడుగవలసినవారు చదువుకొన్నవారు. వారిలోను ముందుగా బడిపంతుళ్ళు. ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ఇదియే.

కాన్సరును మందుతో ఎదిరించిన చరిత్రలో తెలుగువాని చేయి మొదటినుండియు ఉన్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వము వహించెను. కణము పెరుగుటకు కావలసిన ఫోలిక్ ఆమ్లమును అచటి శాస్త్రజ్ఞులు తయారుచేసిరి. పిదప చూపునకు దానివలెనే యుండి దాని పనిని చెడగొట్టు అమినోప్టెరిన్ అను మందును రూపొందించిరి. బోస్టను నగరమున సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు కాన్సరుతో మరణము నెదుర్కొనుచున్న పిల్లలకు దానిని ఇచ్చి చూచెను. 1948 జూనులో ఆయన ప్రకటించిన నివేదికలో 16 మంది పిల్లలలో 10 మందికి కొంతకాలము గుణము కనిపించినట్లున్నది. ఆ యేడు ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూసెను. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు వంటి మెథోట్రెక్సేట్ నేటికిని ఆసుపత్రులలో వాడుకలో నున్నది.

అయితే ఆ తరము మందులకు మిత్రులెవరో శత్రువులెవరో తెలియదు. త్వరత్వరగా విభజన చెందు ప్రతి కణమును అవి దెబ్బతీయును. కాన్సరు కణముతోపాటు వెండ్రుకల కుదుళ్ళు, నోటిలోని పొర, ఎముకల మూలుగ అన్నియు బాధపడును. శత్రువునకు మాత్రమే ఉన్న బలహీనతను కనిపెట్టి, అక్కడ మాత్రమే కొట్టవలెనను తలంపు నుండి పుట్టినవే లక్ష్యమెరిగిన మందులు. వానిలో ఒకదాని కథ చూచిన పరీక్ష ఎందుకో, సమ్మతి ఎందుకో రెండును బోధపడగలవు.

మన దేహమందలి ప్రతి కణములోను డి.ఎన్.ఏ. పోగులు ప్రతిదినమును తెగుచుండును. కణము వానిని ఎప్పటికప్పుడు అతుకుచుండును. ఆ మరమ్మతు చేయు సాధనములలో ముఖ్యమైనవి బ్రాకా-1, బ్రాకా-2 అను జన్యువుల వలన కలుగును. మొదటిది 17వ క్రోమోజోము మీద నున్నదని 1990లో మేరీ క్లేర్ కింగ్ అను శాస్త్రజ్ఞురాలు చూపినది. 1994లో ఆ జన్యువును, 1995లో రెండవ జన్యువును గుర్తించిరి. ఈ జన్యువులలో దేనియందైనను పుట్టుకతోనే లోపమున్నవారికి రొమ్ము కాన్సరు, అండాశయపు కాన్సరు కలుగు ప్రమాదము ఇతరులకంటె ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇచ్చట కొన్ని అపోహలు తొలగించుకొనుట మంచిది. రొమ్ము కాన్సరులన్నియు వంశము నుండి వచ్చునవి కావు. నూటికి 5 మొదలు 10 వరకు మాత్రమే అట్టివి. లోపమున్న జన్యువు తల్లి నుండియే రావలెనను నియమము లేదు. తండ్రి నుండియు రావచ్చును. కూతునకు వచ్చుటకు ఎంత అవకాశమో కుమారునకు వచ్చుటకును అంతే అవకాశము: రెండింట ఒక పాలు. ఇది మేనరికము వలన పుట్టిన దోషమును కాదు. తల్లిదండ్రులలో ఒక్కరి నుండి వచ్చిన ఒక్క లోపపు ప్రతియే ప్రమాదమును తెచ్చుటకు చాలును. జన్యువు ఉన్నంత మాత్రమున రోగము తప్పదనియు అనరాదు. అది ప్రమాదమును తెలుపు హెచ్చరికయే గాని నుదుటి వ్రాత కాదు.

మందు పనిచేయు తీరును చెప్పుటకు కాజీపేట వంటి ఊరిలో ఉపమానమునకు వెదకుకొనబని లేదు. సికింద్రాబాదు వైపు, బల్లార్షా వైపు, విజయవాడ వైపు పోవు లైనులు కలియు జంక్షనిది. ఒక ఊరికి పోవుటకు రెండు మార్గములున్నవనుకొందము. ఒకటి తెగిపోయిన యెడల బండిని రెండవదాని మీదుగా త్రిప్పి పంపుదురు. ఆలస్యమగును గాని ప్రయాణము ఆగదు. రెండును మూసికొనిపోయిన నాడు బండి నిలిచిపోవలసినదే. డి.ఎన్.ఏ. మరమ్మతునకు బ్రాకా జన్యువులు ఒక మార్గము. పార్ప్ అను ఎంజైము నడుపునది మరియొక మార్గము. లోపముతో పుట్టినవారి ఆరోగ్యకరమైన కణములలో బ్రాకా జన్యువు మంచి ప్రతి ఒకటి మిగిలియే యుండును గనుక మొదటి మార్గము నడచుచునే యుండును. కాన్సరుగా మారిన కణములో ఆ మంచి ప్రతియు పోవును. ఇక అది రెండవ మార్గమునే నమ్ముకొని బ్రదుకును. మందుతో ఆ రెండవ మార్గమును మూసివేసిన కాన్సరు కణము చచ్చును. ఆరోగ్యకరమైన కణము మొదటి మార్గమున బయటపడును. ఈ సామ్యము స్థూలమైనదే గాని సూత్రమిదియే. 2005లో ఇంగ్లండునందలి రెండు పరిశోధక బృందములు ఈ సంగతిని ప్రయోగశాలలో నిరూపించినవి.

ప్రయోగశాలలో నిరూపితమైనది రోగి శరీరములో నిలుచునా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగలది పరీక్షయే. ఓలపారిబ్ అను పార్ప్ నిరోధకమును మొట్టమొదట మనుష్యులకిచ్చి చూచిన ఫలితములు 2009లో వెలువడినవి. అందులో పాల్గొన్నవారు 60 మంది. కాన్సరు గడ్డలు తగ్గుట బ్రాకా లోపమున్నవారియందు మాత్రమే కనబడినది. గురి కుదిరినదనుటకు అది తొలి ఋజువు. 2014 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము అండాశయపు కాన్సరునకు ఆ మందును అనుమతించినది. తరువాత 391 మంది స్త్రీలు పాల్గొన్న పెద్ద పరీక్ష ఫలితములు 2018లో ప్రకటితమైనవి. వారందరును ముదిరిన అండాశయపు కాన్సరునకు తొలి చికిత్స పొంది, కొంత గుణము చూచినవారు. మూడేండ్ల పిమ్మట వ్యాధి మరల పెరుగక బ్రతికియున్నవారు మందు తీసికొన్నవారిలో నూటికి 60 మంది, మందు లేని ఉత్త మాత్ర తీసికొన్నవారిలో నూటికి 27 మంది. ఇది చిన్న భేదము కాదు. మందునకు దోషములు లేవనియు కాదు. రక్తహీనత కలుగుట సామాన్యము, అరుదుగా మూలుగకే తీవ్రమైన వ్యాధి రావచ్చును. ఆ దోషములు తెలిసినదియు పరీక్షల వలననే.

పరీక్ష లేకున్న ఏమగునో తెలుపు కథ మరియొకటి యున్నది. అదే కాలమున ఇనిపారిబ్ అను మందును పార్ప్ నిరోధకమని తలచి, మామూలు మందులకు లొంగని ఒక రకపు రొమ్ము కాన్సరునకు వాడి చూచిరి. 123 మందిపై జరిగిన పరీక్షలో ఆయుర్దాయము పెరిగినట్లు కనిపించినది. పత్రికలు కొనియాడినవి, రోగులు ఆశపడిరి. 519 మందిపై మరల పరీక్షించగా 2011లో ఆ ఆశ వమ్మైనది. ఆ మందు పార్ప్‌ను సరిగా నిరోధింపనే నిరోధింపదని పిదప ప్రయోగశాలలో తేలినది. రెండవ పరీక్ష జరుగకయున్న ఎందరు నగలు కుదువబెట్టి ఆ మందును కొనియుండెడివారో!

కనుక పరీక్షలు వలదనుట అవివేకము. మన ప్రాంతపు రోగులు పరీక్షలకు దూరముగా నుండిపోవుటయు మేలు కాదు. జన్యువుల తీరు జాతిజాతికి కొంత మారుచుండును. ఎక్కడివారిపైననో పరీక్షించిన మందు మనవారియందు ఎట్లు పనిచేయునో తెలియవలెనన్న మనవారును పాల్గొనవలెను. ప్రతి దినమును కాజీపేట ప్లాటుఫారము మీద ఫైళ్ళు చంకన బెట్టుకొని, హైదరాబాదునందలి ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రి వంటి చోట్లకు పోవు కుటుంబములు కనబడుచుండును. వారికి క్రొత్త చికిత్సలలో పాలు ఉండవలెను. అయితే ఆ పాలు ఏ మార్గమున దక్కవలెను?

ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు కాజీపేట నుండి విజయవాడ పోవు లైను మీదనే పోవలెను. డోర్నకల్ వద్ద ఆ లైను నుండి ఒక శాఖ చీలి భద్రాచలం రోడ్డు వరకు పోవును. ఆ ప్రాంతమున, నాటి ఖమ్మం జిల్లాలో, 2009 జూలైలో గర్భాశయ ముఖద్వారపు కాన్సరును నివారించు టీకాను 10 మొదలు 14 ఏండ్ల వయస్సు గల సుమారు 14,000 మంది బాలికలకు వేయు కార్యక్రమము ప్రారంభమైనది. పాథ్ అను అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, నాటి రాష్ట్ర ప్రభుత్వము కలిసి దానిని నడపినవి. గుజరాతునందలి వడోదర జిల్లాలోను అట్టి కార్యక్రమమే జరిగినది. రెండుచోట్ల కలిసి ఏడుగురు బాలికలు మరణించుటతో కలవరము పుట్టి, 2010 ఏప్రిలులో కేంద్ర ప్రభుత్వము దానిని నిలిపివేసినది. ఆ మరణములకు టీకా కారణమని విచారణలో తేలలేదు. తేలిన దోషము వేరు. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రములలో 1,948 పత్రములపై వ్రేలిముద్రలున్నవి. 2,763 పత్రములపై తల్లిదండ్రులకు బదులు వసతి గృహముల వార్డెనులు సంతకములు చేసియుండిరి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘము తన 72వ నివేదికలో ఈ పద్ధతిని తీవ్రముగా గర్హించినది.

ఉపాధ్యాయ సోదరులు ఈ అంకెల వద్ద ఒక నిమిషము నిలువవలెనని నా మనవి. ఆ టీకా ఆ కాన్సరును చాలవరకు నివారింపగలదని నేడు లోకమంతయు అంగీకరించుచున్నది. మంచి వస్తువే వచ్చినది. వచ్చిన త్రోవ మంచిది కాదు. ఫలితమేమి? టీకాయే అనుమానమునకు గురియైనది. ఏండ్ల తరబడి ఆ అనుమానము మన దేశమున తొలగలేదు. సమ్మతి అను తతంగము శాస్త్రమునకు అడ్డు వచ్చునని విసుగుకొనువారు ఈ ఉదంతమును మరువరాదు. సమ్మతిని దాటి పోయిన శాస్త్రము దగ్గర దారిలో పోవుచున్నాననుకొని, వచ్చిన దారినే వెనుకకు నడువవలసి వచ్చినది. ఆ వార్డెనులలో చాలమంది చెడ్డ ఉద్దేశముతో చేసియుండరు. "పిల్లలకు మేలే గదా, పై నుండి చెప్పినారు గదా" అనుకొనియుందురు. చదువుకొన్నవాడు చదువురానివాని తరఫున నిర్ణయము చేయవచ్చునను అలవాటు మన సమాజములో అంత సహజమైపోయినది. అసలు రోగమచ్చట నున్నది.

"అంతయు విడమరచి చెప్పిన రోగి భయపడి పారిపోవును, చెప్పినను వానికి అర్థము కాదు" అని వాదించువారు కలరు. నేనొప్పుకొనను. ఏనుమాముల మార్కెట్టుకు పత్తి తోలు రైతును అడిగి చూడుడు. క్రొత్త రకపు విత్తనము వచ్చినదనగానే అతడు పొలమంతయు దానినే వేయడు. ఒక మూల అర ఎకరములో వేసి, ప్రక్కనే పాత విత్తనము వేసి, ఒకే నీరు, ఒకే ఎరువు పెట్టి, రెండింటి దిగుబడిని సరిచూచుకొనును. శాస్త్రజ్ఞులు మందును, ఉత్త మాత్రను రెండు గుంపులకిచ్చి సరిచూచుటలో ఇంతకంటె వేరు సూత్రమేమున్నది? ఆ రైతునకు లేనిది తెలివి కాదు. అతని భాషలో, అతని ప్రక్కన కూర్చుండి, తొందరపెట్టక చెప్పు మనిషి. ఆంగ్లము నుండి ముక్కకు ముక్కగా తెచ్చిన పదిపదునైదు పుటల తెలుగు పత్రమును చేతిలో బెట్టి, క్రింద వ్రేలు చూపి ముద్ర వేయుమనుట చెప్పుట కాదు.

చట్టమిప్పుడు చాల దూరము వచ్చినది. 2009 జూన్ 15 నుండి మన దేశమున జరుగు ప్రతి ఔషధ పరీక్షయు, మొదటి వ్యక్తిని చేర్చుకొనుటకు ముందే ప్రభుత్వ పట్టికలో నమోదు కావలెను. ఆ పట్టికను ఎవరైనను చూడవచ్చును. 2019 మార్చిలో వెలువడిన క్రొత్త నియమముల ప్రకారము పరీక్షను ఆమోదించు నీతి సంఘములో కనీసము ఏడుగురు సభ్యులుండవలెను; అందులో వైద్యము తెలియని సామాన్యుడొకరు, స్త్రీ ఒకరు, న్యాయము తెలిసినవారొకరు ఉండితీరవలెను. పరీక్ష వలన హాని కలిగిన చికిత్స, పరిహారము ఇయ్యవలెను. దుర్బల స్థితిలో ఉన్నవారిపై సరిక్రొత్త రసాయనమును పరీక్షించునపుడు సమ్మతి తీసికొను సంభాషణమును దృశ్యముగను శ్రవ్యముగను నమోదు చేయవలెను. మైనరు పిల్లల విషయమున తల్లిదండ్రుల సమ్మతి చాలదు. తెలిసిన వయస్సు వచ్చిన బాలబాలికల అంగీకారమును వేరుగా వ్రాతమూలమున తీసికొనవలెను. ఈ చివరి మాట విద్యార్థులు గుర్తుంచుకొనదగినది.

పంతులునకు ప్రత్యేకముగా పనికివచ్చు నియమమొకటి కలదు. చదువను వ్రాయను రాని వ్యక్తి నుండి సమ్మతి తీసికొనునపుడు పరీక్షతో సంబంధము లేని నిష్పక్షపాతియైన సాక్షి ఒకరు మొదటి నుండి చివరివరకు కూర్చుండి, అంతయు విని, సంతకము చేయవలెను. పంతులు సంతకము చేయదగిన చోటు అది. రోగికి బదులుగా కాదు, తండ్రికి బదులుగా కాదు. రోగి విన్నాడు, అడిగినాడు, తెలిసికొన్నాడు అని పలుకుటకు. ఈ రెండు సంతకముల నడుమ భేదమును గుర్తించుటలోనే ఉపాధ్యాయుని గౌరవమున్నది.

అట్టి సాక్షి రోగిచేత అడిగింపవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. ఇది చికిత్సయా, పరీక్షయా? ఇంతకుముందు ఎందరికి ఈ మందిచ్చిరి, వారికేమైనది? నాకు క్రొత్త మందే వచ్చునా, చీటీలు వేసినట్లు ఏదో ఒకటి వచ్చునా? మధ్యలో మానుకొన్న నాకు జరుగవలసిన మామూలు చికిత్స ఆగిపోవునా? హాని కలిగిన ఎవరిని పట్టుకొనవలెను? వంశపారంపర్యపు కాన్సరుల విషయమున ఇంకొక ప్రశ్నయు తప్పదు: నా జన్యువులలో కనుగొన్న సంగతి ఎవరికి చెప్పుదురు? ఒకరి రక్తమును పరీక్షించిన అక్కచెల్లెండ్ర, బిడ్డల రహస్యము కూడ కొంత బయటపడును. పెండ్లి సంబంధములు మాటలాడుకొను ఇండ్లలో "ఆ వంశములో జబ్బున్నదట" అన్న గుసగుస ఎంత పని చేయునో మనకు తెలియనిది కాదు. అందుచేత ఆ సంగతి తెలిసికొనుటకు ఎంత హక్కున్నదో, గుట్టుగా ఉంచుకొనుటకును అంత హక్కున్నది. పదవ తరగతిలో అనువంశికత పాఠము చెప్పు ఉపాధ్యాయులు మెండెలు బఠాణీల నుండి ఈ జన్యువుల వరకు పాఠమును పెంచి చెప్పవచ్చును, కాని "మీ యింట ఎవరికున్నది?" అని తరగతిలో పిల్లవానిని నిలబెట్టి అడుగరాదు.

పరీక్ష ముగిసిన తరువాత మందు మాకు దొరకునా అన్నది చివరి ప్రశ్న. ఇది ధరకు సంబంధించినది. కాలేయపు, మూత్రపిండపు కాన్సరులకు వాడు సోరాఫెనిబ్ అను లక్ష్యమెరిగిన మందునకు బేయర్ కంపెనీ నెలకు సుమారు 2,80,000 రూపాయలు ధర పెట్టియుండగా, 2012 మార్చి 9వ తేదీన పేటెంటు అధికారి హైదరాబాదు నందలి నాట్కో కంపెనీకి దానిని తయారుచేయుటకు నిర్బంధ లైసెన్సు ఇచ్చెను. నాట్కో నెలకు 8,800 రూపాయలకే అమ్ముదునని ఒప్పుకొన్నది. మన దేశమున అట్టి లైసెన్సు ఇచ్చుట అదియే మొదలు. మందు కనుగొన్నవారికి ప్రతిఫలము వలదని నా వాదము కాదు. పరీక్షకు శరీరమునిచ్చినవాని యింటివారికి పరీక్ష నెగ్గిన మందు అందని పండు కారాదనుట మాత్రమే నా మాట. పరీక్ష ముగిసిన పిదపయు అవసరమున్న రోగికి మందిచ్చు ఏర్పాటునకు 2019 నియమములలో చోటున్నది. ఆ చోటును వాడుకొనవలెనన్న అడుగువాడుండవలెను.

మన ఊళ్ళలో కోర్టు కాగితము వచ్చినను, బ్యాంకు నోటీసు వచ్చినను "పంతులుగారూ, ఇందులో ఏమున్నదో కాస్త చదివి చెప్పండి" అని తలుపు తట్టు ఆచారము ఇంకను చచ్చిపోలేదు. రేపు కాన్సరు మందు పరీక్షకు సంబంధించిన పత్రము కూడ ఆ గుమ్మము ముందుకే వచ్చును. అప్పుడు చదివి చెప్పుటకు ఓపిక, తెలియనిది వైద్యునే అడుగుమని చెప్పుటకు వినయము, "నీ తరఫున నేను పెట్టను, నీకు తెలిసినాకే నీవే పెట్టుము" అనుటకు ధైర్యము పంతులునకు కావలెను. ఆ మూడును ఉన్నచోట వరంగల్లు రోగి పరీక్షకు వెళ్ళినను తలయెత్తుకొని వెళ్ళును; వెళ్ళనని చెప్పినను తలయెత్తుకొనియే చెప్పును. అట్టి మనుష్యుల సమ్మతిపై నిలిచిన మందునే లోకము నమ్మగలదు.